తిరిగిరానివారి సాక్ష్యం



లెక్కల మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఏ విషయం మీద మాట్లాడాలన్న ప్రశ్న నన్ను ఎక్కువ కాలం వేధించలేదు. తరగతిలో ఏ పిల్లవాడైనా తానొక కొత్త సూత్రం కనిపెట్టానని సంబరంగా చెబితే, మాస్టారు దాన్ని కొట్టిపారేసేవారు కారు, వెంటనే మెచ్చుకునేవారూ కారు. ‘అది తప్పే చోటు ఒకటి వెతికి తీసుకురా’ అనేవారు. ఆ మాటలోని లోతు అప్పట్లో మాకు తెలియదు. మనిషి తీర్పులు ఎందుకు తప్పుతాయన్న పెద్ద ప్రశ్నకు అందులోనే ఒక సమాధానం ఉందని నా అభిప్రాయం. ఈ సాయంత్రం దాన్ని మీ ముందు పెడతాను.

మనిషి వివేకం తప్పడానికి మన పెద్దలు రెండు కారణాలు చెబుతూ వచ్చారు. మొదటిది అజ్ఞానం: చదువు లేక, తెలియక పొరబడతాడు. రెండోది ఆవేశం: కామక్రోధాదులు కళ్ళు కప్పితే తెలిసినవాడు కూడా పొరబడతాడు. ఈ రెండూ నిజాలే. కాని వీటికంటే బలమైన మూడో కారణం ఒకటుంది. దాన్ని మనం శత్రువుల జాబితాలో ఎప్పుడూ చేర్చలేదు, పైగా గురుస్థానంలో కూర్చోబెట్టాం. అది అనుభవం. కళ్ళారా చూసి, పదిసార్లు సరిచూసుకుని, నిజాయతీగా నమ్మిన అనుభవం. ఆ చూసిన దానిలో అబద్ధమేమీ ఉండదు. అయితే చూడవలసిన దానిలో కొంత భాగం అసలు మన కంటికే రాదు. ఆ రాకపోవడం కూడా యాదృచ్ఛికం కాదు. ఓడినవాడు సభకు రాడు, చనిపోయినవాడు సాక్ష్యం చెప్పడు. వచ్చినవాళ్ళ మాటలతోనే మనం తీర్పు రాసేస్తాం.

ఈ సంగతిని పసిగట్టిన తొలి మనుషుల్లో ఒకడు క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు దేశీయుడు డయాగొరస్. అతను నాస్తికుడని పేరుపడ్డాడు. సామొత్రేస్ ద్వీపంలోని ఆలయంలో, సముద్రంలో తుపానుకు చిక్కి దేవతలకు మొక్కుకుని బతికి బయటపడ్డవాళ్ళు కానుకగా సమర్పించిన చిత్రాలు వరసగా ఉండేవట. వాటిని చూపించి, దేవతల మహిమకు ఇన్ని నిదర్శనాలున్నా నమ్మవా అని మిత్రుడు అడిగాడు. మొక్కుకున్నాక కూడా మునిగిపోయినవాళ్ళ చిత్రాలు ఎక్కడున్నాయని అతను ఎదురడిగాడు. రోమన్ రచయిత సిసెరో ఈ కథను నమోదు చేశాడు. సుమారు 1,700 ఏళ్ళ తరవాత, 1620లో, ఫ్రాన్సిస్ బేకన్ తన ‘నోవమ్ ఆర్గానమ్’లో దాన్ని మళ్ళీ ఎత్తుకుని, జ్యోతిషం, స్వప్నఫలాలు, శకునాలు అన్నీ ఈ పునాది మీదే నిలబడ్డాయన్నాడు. ఫలించినది గుర్తుంటుంది, ఫలించనిది జారిపోతుంది.

మన మధ్యకు వద్దాం. హైదరాబాదు శివార్లలో, ఉస్మాన్ సాగర్ చెరువుకు సమీపంలో చిలుకూరు బాలాజీ ఆలయం ఉంది. హుండీ లేని గుడి. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, అది తీరాక 108 ప్రదక్షిణలు చెయ్యడం అక్కడి ఆచారం. అమెరికా ప్రయాణాలు పెరిగిన కాలంలో ‘వీసా బాలాజీ’ అన్న పేరు స్థిరపడింది. ఆ భక్తిని విమర్శించడం నా ఉద్దేశం కాదు. మనిషికి దిగులు పంచుకునే చోటు ఒకటి కావాలి. నేను అడిగేది లెక్క గురించి మాత్రమే. 108 తిరుగుతున్నవాళ్ళందరూ వీసా వచ్చినవాళ్ళే. వాళ్ళ చేతుల్లో ప్రదక్షిణలు లెక్కపెట్టుకునే కార్డులుంటాయి, ముఖాల్లో కృతజ్ఞత ఉంటుంది. మొదటిసారి 11 తిరగడానికి వచ్చిన కుర్రవాడు పక్కకు చూస్తే కనబడేది ఆ ముఖాలే. 11 తిరిగినా కాన్సులేటులో తిరస్కారం పొందినవాడు 108 తిరగడు కనుక అతని ముఖం ఆ ప్రాంగణంలో కనిపించే అవకాశం తక్కువ. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. ఆచారం నిర్మాణంలోనే సాక్ష్యాల ఎంపిక జరిగిపోయింది.

ఇదే నిర్మాణం బుద్ధిపూర్వకంగా వాడుకుంటే వ్యాపారమవుతుంది. ప్రవేశ పరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు మన పత్రికల మొదటి పేజీలు, విజయవాడ, హైదరాబాదుల్లోని హోర్డింగులు ర్యాంకర్ల ఫోటోలతో నిండిపోతాయి. ఆ సంస్థలో ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు, చివరిదాకా ఉండి ఎందరికి సీటు రాలేదన్నది ఆ పేజీలో ఉండదు. తల్లిదండ్రులు ఆ పేజీ చూసి పొలం అమ్మి ఫీజు కడతారు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు విడుదల చేయవలసి వచ్చిందంటే ఆ వ్యాధి ముదిరిందనే అర్థం.

షేర్ మార్కెట్టు సంగతీ ఇంతే. అక్కడ ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన వ్యక్తుల ఖాతాలను మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పరిశీలించి 2024 సెప్టెంబరులో ఒక నివేదిక ఇచ్చింది. మూడేళ్ళలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అయినా మన ఫోనులో కనబడే వీడియోలో మాట్లాడేవాడు మిగిలిన 7 శాతంలోని మనిషే, లేదా అలా కనిపించదలచుకున్నవాడు. నష్టపోయిన ఆ 93 శాతం మంది వీడియోలు చెయ్యరు. చాలామంది ఇంట్లో కూడా చెప్పరు.

ఇప్పుడు ప్రాణాలకు సంబంధించిన ఉదాహరణ దగ్గర కొంచెం ఆగుతాను. పాము మంత్రం తెలుగు పల్లెలకు కొత్త కాదు. కాటు పడ్డవాణ్ణి మోసుకొస్తారు, వేపమండలతో దిగతుడుస్తారు, పసరు పోస్తారు, మనిషి లేచి కూర్చుంటాడు. చూసినవాళ్ళు పదిమంది. వాళ్ళలో ఒక్కరూ అబద్ధం చెప్పడం లేదు. కాని మన దేశంలోని మూడు వందలకు పైబడిన పాము జాతుల్లో విషమున్నవి సుమారు ఐదో వంతు. ప్రాణాలు తీసేది ముఖ్యంగా నాలుగే: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఆ నాలుగు కూడా కరిచిన ప్రతిసారీ విషం దింపవు. కాబట్టి చీకట్లో ఏదో కరిచి మంత్రగాడి దగ్గరకు చేరిన పదిమందిలో ఎక్కువమంది ఎలాగూ బతికేవాళ్ళే. మంత్రగాడికి అన్నీ విజయాలే. మిగిలినవాళ్ళ సంగతి చూడండి. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవాణ్ణి కరుస్తుంది. తరచు నొప్పి ఉండదు, గాటు కూడా కనబడదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, తరవాత ఊపిరి కండరాలు పనిచెయ్యవు. అతను చనిపోతే ‘ఆలస్యంగా తెచ్చారు’ అంటారు, లేదా ‘ఆయువు తీరింది’ అంటారు. విజయం మంత్రం ఖాతాలో, వైఫల్యం విధి ఖాతాలో. ఇలా జమాఖర్చులు రాసే ఏ దుకాణమూ దివాలా తీయదు.

దేశవ్యాప్తంగా ఇళ్ళకు వెళ్ళి మరణకారణాలు అడిగిన ‘మిలియన్ డెత్ స్టడీ’ లెక్కల ప్రకారం 2000 నుంచి 2019 దాకా పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏటా సగటున 58 వేలు. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు ప్రాంతాలూ ఉన్నాయి. అదే పరిశోధన బృందం 2011లో ప్రచురించిన వ్యాసంలో మరో సంగతి ఉంది: పాముకాటుతో చనిపోయినవాళ్ళలో ఆసుపత్రిలో కన్నుమూసినవాళ్ళు నాలుగో వంతు కూడా లేరు. తక్కిన మరణాలు ఇళ్ళలో, దారిలో, మంత్రగాళ్ళ అరుగుల మీద జరిగాయి. ప్రభుత్వ రిజిస్టర్లకు వాళ్ళు ఎక్కలేదు. ఎక్కని మరణాలకు మందు కొనరు, డాక్టరును నియమించరు.

ఇది పల్లెటూరి అమాయకత్వమని పట్నవాసులు అనుకుంటే పొరపాటు. ఐరోపాలో మహా వైద్యులు రెండు వేల ఏళ్ళ పాటు ఇదే చేశారు. జ్వరం వస్తే నరం కోసి రక్తం తీశారు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ గొంతు వాపుతో మంచం పడితే ఒక్క పగటిలో రెండు లీటర్లకు పైగా రక్తం తీశారు. 1799 డిసెంబరు 14 రాత్రి ఆయన చనిపోయాడు. ఫ్రాన్సులో ఈ పద్ధతి ఎంత ముదిరిందంటే, 1833లో ఆ దేశం 4 కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసుకుంది. ఆ వైద్యులు మోసగాళ్ళు కారు. రక్తం తీశాక చాలామంది రోగులు కోలుకోవడం వాళ్ళు రోజూ చూశారు. చాలా జ్వరాలు వాటంతట అవే తగ్గుతాయి. అందుకే కోలుకున్నారు. ఏమీ చెయ్యకపోతే ఏమయ్యేదన్నది వాళ్ళు చూడలేదు, ఎందుకంటే ఏమీ చెయ్యకుండా ఎవరినీ వదల్లేదు.

ఆ కాలంలోనే పారిస్ వైద్యుడు పియేర్ లూయీ ఒక సాహసం చేశాడు. సాహసమంటే కత్తి పట్టడం కాదు, లెక్కపెట్టడం. న్యుమోనియా రోగులు 77 మందిని తీసుకుని, జబ్బు వచ్చిన తొలి నాలుగు రోజుల్లో రక్తం తీసినవాళ్ళను, ఆ తరవాత తీసినవాళ్ళను వేరు చేశాడు. తొందరగా తీసిన 41 మందిలో 18 మంది పోయారు. ఆలస్యంగా తీసిన 36 మందిలో 9 మంది. 1835లో పుస్తకం వేశాడు. ఈనాటి ప్రమాణాలకు ఆ లెక్క చాలదు, రోగుల వయసులు కూడా సమానంగా లేవు. లూయీ కూడా తన ఫలితం చూసి విస్తుపోయాడే కాని రక్తం తీయడం పూర్తిగా మానమనలేదు. అయినా వైద్యంలో అనుభవజ్ఞుడి మాటకు ఎదురుగా ఒక పట్టిక నిలబడిన తొలి సందర్భాల్లో అదొకటి. తోటి వైద్యులకు కోపం వచ్చింది. ప్రతి రోగీ ఒక ప్రత్యేక వ్యక్తి, మనుషులను అంకెలు చేస్తావా అన్నారు. ఆ అభ్యంతరం ఎంత మానవీయంగా వినిపిస్తుందో గమనించండి. రెండు వేల ఏళ్ళ తప్పును అదే కాపాడింది.

తిరిగిరానివాళ్ళు లేని చోట కూడా అనుభవం మనల్ని తప్పుదారి పట్టించగలదు. ఉపాధ్యాయులు ఎక్కువగా ఉన్న సభ కనుక ఈ సంగతి వివరంగా చెప్పవలసి ఉంది. 1960 దశకంలో డేనియల్ కానమన్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులకు పాఠం చెబుతూ, తిట్టడం కంటే మెచ్చుకోవడం వల్ల విద్య బాగా వస్తుందన్నాడు. ఒక అనుభవజ్ఞుడైన శిక్షకుడు లేచి అడ్డుచెప్పాడు. కుర్రవాడు విమానాన్ని అద్భుతంగా నడిపినప్పుడు మెచ్చుకుంటే మర్నాడు పాడుచేస్తాడు, ఘోరంగా నడిపినప్పుడు తిడితే మర్నాడు బాగుచేసుకుంటాడు, ఇది నేను ఎన్నోసార్లు చూశాను అన్నాడు. అతను చూసినది అక్షరాలా నిజం. కానమన్ నేల మీద సుద్దతో ఒక గుర్తు గీసి, అధికారులను వెనక్కి తిరిగి రెండేసి నాణేలు విసరమన్నాడు. మొదటిసారి గుర్తుకు దగ్గరగా వేసినవాళ్ళలో ఎక్కువమంది రెండోసారి దూరంగా వేశారు, దూరంగా వేసినవాళ్ళు దగ్గరగా వేశారు. అక్కడ మెప్పూ లేదు, తిట్టూ లేదు. అసాధారణంగా బాగున్న ఫలితం తరవాత మామూలు ఫలితం రావడం, అసాధారణంగా చెడ్డదాని తరవాతా మామూలుదే రావడం ప్రకృతి. తల్లిదండ్రుల ఎత్తులను, పిల్లల ఎత్తులను పోల్చి ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే ఈ ధర్మాన్ని వివరించాడు.

దండం దశగుణం అన్న నమ్మకం మన బడుల్లో ఇంతకాలం ఎలా బతికిందో ఇప్పుడు ఆలోచించండి. పరీక్షలో ఎన్నడూ లేనంత తక్కువ మార్కులు వచ్చిన రోజునే పిల్లవాడికి దెబ్బలు పడతాయి. తరవాతి పరీక్షలో మార్కులు కొంచెం పెరుగుతాయి. బెత్తం పట్టకపోయినా పెరిగేవి. పంతులుగారికి మాత్రం తన బెత్తం పనిచేసిందని కళ్ళెదుట ఋజువు దొరికింది. మెచ్చుకున్న పిల్లవాడు మరుసటిసారి జారినప్పుడు ‘పొగిడితే చెడతారు’ అన్న రెండో ఋజువు కూడా దొరికింది. సజ్జనుడైన ఉపాధ్యాయుణ్ణి జీవితాంతం శిక్షకుడిగా మార్చడానికి క్రూరత్వం అక్కర్లేదు, ఈ రెండు ఋజువులు చాలు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో దెబ్బలను నిషేధించింది. చట్టం బెత్తాన్ని దాచిపెట్టగలిగింది. పంతుళ్ళ అనుభవం ఇచ్చిన ఋజువుకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. అందుకే ‘దెబ్బ లేకపోతే చదువు రాదు’ అన్న మాట స్టాఫు రూముల్లో ఇంకా వినబడుతోంది.

కానమన్, అతని సహచరుడు అమోస్ ట్వెర్స్కీ 1974లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం ఈ రంగానికి పునాదిరాయి. వాళ్ళు చెప్పినవాటిలో ఒకటి, సులభంగా గుర్తొచ్చేదాన్నే మనం తరచు జరిగేదిగా లెక్కవేస్తామన్నది. నా తరం తెలుగువాళ్ళకు దీనికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. 1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ భూమి మీద పడుతుందన్న వార్తకు మన పల్లెల్లో కోళ్ళు, మేకలు కోసుకుతిన్న కుటుంబాలున్నాయి. సుమారు 77 టన్నుల ఆ నిర్మాణం ఎక్కడ పడుతుందో శాస్త్రజ్ఞులకూ కచ్చితంగా తెలియదు కనుక భయం అకారణం కాదు. ప్రపంచంలో ఎవరో ఒకరికి దాని ముక్క తగిలే అవకాశం 152లో 1 అని నాసా చెప్పింది. ఫలానా వ్యక్తికి తగిలే అవకాశం 60 వేల కోట్లలో 1. రెండు అంకెలూ నిజమే. మొదటిది వార్తయింది, రెండోది కాలేదు. చివరికి అది హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడింది. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,000 మందికి పైగా చనిపోయారు. ఏ ఊళ్ళోనూ ప్రయాణం ముందు ఎవరూ మేకను కోసుకుతినలేదు.

ఈ విచారమంతా పడమటి నుంచి అరువు తెచ్చుకున్నదని ఎవరూ అనుకోనవసరం లేదు. 17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు మన తెలుగువాడు. ఆ గ్రంథానికి తానే రాసుకున్న ‘దీపిక’ వ్యాఖ్యలో ఆయన ఒక ఆక్షేపణను లేవనెత్తాడు. మట్టికి సంబంధించిన ప్రతి పదార్థం మీదా ఇనుముతో గీత పెట్టవచ్చునని వందసార్లు చూశాం, కాని వజ్రం దగ్గర అది తప్పుతుంది కదా, మరి పదేపదే చూడడం వల్ల వ్యాప్తి, అంటే రెండింటి మధ్య తప్పని సంబంధం, ఎలా తెలుస్తుంది? దానికి ఆయన సమాధానం: రెండింటినీ కలిపి చూడడం ఒక్కటే చాలదు, ఒకటుండి రెండోది లేని చోటు తెలియరాకుండా కూడా ఉండాలి. న్యాయదర్శనాన్ని అనుసరించిన నైయాయికులు మరో మెట్టు ఎక్కారు. వంటింట్లో మాత్రమే నిప్పును ఎరిగినవాడు నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనుకుంటాడు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండు దగ్గర నిప్పుంది, పొగ లేదు. పొగకు అసలు కారణం నిప్పుతోపాటు చేరిన పచ్చికట్టె. ఆ దాగిన మూడో సంగతికి వాళ్ళు ఉపాధి అని పేరుపెట్టారు. శిక్షకుడి తిట్ల వెనకా, మంత్రగాడి వేపమండ వెనకా ఉన్నది ఆ పచ్చికట్టే. ఇంత సూక్ష్మమైన శాస్త్రం మన దగ్గరుండి కూడా వైద్యశాలకూ, పాఠశాలకూ, పంచాయతీకీ చేరలేదు. వాదసభల్లో ప్రత్యర్థిని ఓడించే విద్యగా మిగిలింది. నా దృష్టిలో మన మేధాచరిత్రలో అదొక పెద్ద నష్టం.

మన హేతువాద ఉద్యమం మీద కూడా ఒక మాట అనవలసి ఉంది, గౌరవంతోనే. గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. నిప్పుల మీద నడవడంలో మహిమ లేదని జనం ఎదుట నడిచి చూపించే సంప్రదాయం ఆ కేంద్రానిది. అది మన ప్రజాజీవితంలో విలువైన అధ్యాయం. కాని ఆ ఉద్యమంలో చాలామంది మూఢనమ్మకానికి మూలం చదువు లేకపోవడమేనన్నారు. చదువు వచ్చింది, నమ్మకాలు పోలేదు. చదువుకున్నవాడికి తన అనుభవాన్ని సమర్థించుకునే భాష అదనంగా వచ్చింది, అంతే. 1976 రాజ్యాంగ సవరణ శాస్త్రీయ దృష్టిని పౌరుడి ప్రాథమిక విధుల్లో చేర్చింది. దాన్ని మనం ఎదుటివాడి నమ్మకాన్ని ఎగతాళి చెయ్యడంగా అర్థం చేసుకున్నాం. ఎదుటివాడు తాను కళ్ళారా చూశానంటాడు. చూశాడు కూడా. అతను చూడనిది ఏమిటో ఓపికగా చూపించేవాడే అతనికి పనికొస్తాడు.

వ్యక్తిగా ఎవరూ ఈ దోషం నుంచి పూర్తిగా బయటపడలేరు. దశాబ్దాల పాటు దీన్నే పరిశోధించిన కానమన్ కూడా తన అంతఃప్రేరణలు పెద్దగా మెరుగుపడలేదని ఒప్పుకున్నాడు. బయటపడ్డవి కొన్ని ఏర్పాట్లు మాత్రమే. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా లేదా అన్నది 1948లో బ్రిటనులో తేల్చినప్పుడు, ఏ రోగికి మందివ్వాలో వైద్యుడి విచక్షణకు వదలలేదు, యాదృచ్ఛిక సంఖ్యలకు వదిలారు. వైద్యుడి మంచితనం మీద అనుమానంతో కాదు, అతని కళ్ళ మీద అనుమానంతో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ప్రపంచ గణాంకశాస్త్రానికి దిక్సూచిగా నిలిచి, 2023లో కన్నుమూసిన సి.ఆర్. రావు గారి జీవితకృషి ఇలాంటి ఏర్పాట్లకు గణిత పునాదులు వెయ్యడమే. తెలుగువాళ్ళు ఆయన బిరుదులను చెప్పుకున్నంతగా ఆయన శాస్త్రాన్ని చెప్పుకోరు.

అందువల్ల ఈ సభకు నేను చెయ్యదలచిన విన్నపం తాత్వికమైనది కాదు, చాలా చిన్నది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ ఏడాది నవంబరులో, ప్రతి కాటునూ, ప్రతి మరణాన్నీ తప్పనిసరిగా నమోదు చెయ్యాల్సిన జాబితాలో చేర్చాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. లేఖలతో రిజిస్టర్లు నిండవు. మీలో చాలామందికి ఊరితో సంబంధం తెగలేదు. మీ ఊళ్ళో ఎవరికైనా కాటు పడితే ముందు విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చండి. ఆ మనిషి బతికినా, బతకకపోయినా, దారిలోనే పోయినా, ఆ కేసు రిజిస్టరులో ఎక్కిందో లేదో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అడగండి. ఎక్కకపోతే ఎక్కించేదాకా కదలకండి.